సోమవారం నీళ్లు

కిందటి వారం మనం కథ ఆపిన చోట జీపు నాలుగు చక్రాల్లోనూ గాలి లేదు. తీసింది ఎవరో సీసాలమ్మకి తెలుసు. ఆమెకి తెలుసన్న సంగతి తీసినవాళ్లకీ తెలుసు. అందుకే ఎవరూ ఆమె కళ్లలోకి చూడటం లేదు.

ఇప్పుడు పొద్దున పదిన్నర. ఎడమ కాలువ లాకుల దగ్గర జీపు చుట్టూ నలభై మంది రైతులున్నారు. వాళ్ల వెనక ట్రాక్టరు నిండా ఇసుక బస్తాలు. కాలువకి ఎగువన ఉన్న అద్దకం మిల్లుకి వెళ్లి, దాని నీళ్లు బయటికొచ్చే తూము మూసెయ్యాలని బయల్దేరారు. పూత మీదున్న చిక్కుడు తోటలు మాడిపోతున్నాయి. నది నుంచి వచ్చే కాలువ నీళ్లలో ఎవరో ఉప్పు కలుపుతున్నారని రైతుల మాట. నీళ్లు నిక్షేపంలా ఉన్నాయని పన్నెండు వారాలుగా రిపోర్టు రాస్తున్నది సీసాలమ్మ.

అది ఆమె అసలు పేరు కాదు. నీటి పరీక్షల ఆఫీసు నుంచి ప్రతి సోమవారం చెక్కపెట్టె నిండా సీసాలు పట్టుకొచ్చి, నదిలో ఒకటి, కాలువలో ఒకటి ముంచుకుని, అంకెలు ఒక చీటీ మీద రాసి లాకుల బోర్డుకి గుచ్చి పోతుంది. అలా సీసాలమ్మ అయింది. మొదట్లో వెక్కిరింతగా అన్నారు. తర్వాత ముద్దుగా అన్నారు. ఇవాళ ఎలా అంటున్నారో ఆమెకి తెలీడం లేదు.

ఫోన్లో కాలువల ఇంజినీరు గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. "నాలుగింటికి వస్తున్నాను. ఉప్పు ఎవరు కలుపుతున్నారో చెప్తే వాళ్లని ఆపుతాను. చెప్పలేకపోతే ఎడమ కాలువే మూసేస్తాను. నేల చవుడుబారడం కంటే పంట ఎండటం నయం."

పూత మీదున్న చిక్కుడు ఒక్క వారం తడి తప్పినా నిలబడదు.

"దిగమ్మా," అన్నాడు చిక్కుడు బాబాయి.

కాలువ కింద అందరికంటే పెద్ద తోట ఆయనది. ప్రతి సోమవారం సీసాల పెట్టె మూలన నాలుగు గుప్పెళ్ల కాయలు పెట్టి, "తూకం వెయ్యకు, తినెయ్" అని పంపే మనిషి. ఇవాళ అదే చేత్తో మాడిన తీగ పట్టుకుని నిలబడ్డాడు. ఆకుల అంచులు నిప్పు తగిలిన కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఇది నీ రిపోర్టులో పచ్చగా ఉందా?"

"నేను చూసిన నీళ్ల గురించి రాశాను బాబాయ్."

"మరి నేను చూసిన నీళ్ల గురించి ఎవరు రాస్తారు?"

ఆయన సంచిలోంచి నూనె సీసా ఒకటి తీసి జీపు బానెట్ మీద పెట్టాడు. నిండా నీళ్లు. "పోయిన శుక్రవారం మా పొలంలోకి వచ్చిన నీళ్లు. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి మరీ పట్టాను. నువ్వు చేసేది చూసి నేర్చుకున్నాలే."

సీసాలమ్మ జీపు దిగింది. ఉప్పు మీటరు తీసి సీసాలో ముంచింది. మామూలుగా ఈ కాలువలో సున్నా పాయింట్ నాలుగు చూపించే అంకె ఇప్పుడు ఒకటి పాయింట్ తొమ్మిది దగ్గర ఆగింది. ముప్పావు దాటితేనే చిక్కుడు ముఖం ముడుచుకుంటుంది. ఇది దాదాపు రెండు.

"చూశావా!" అని నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. "పదండి మిల్లుకి!"

"ఒక్క నిమిషం." ఆమె రెండు చిన్న గాజు గొట్టాల్లో ఆ నీళ్లు పోసింది. "మిల్లులో రంగు పట్టడానికి వాడేది సల్ఫేట్ ఉప్పు. ఈ నీళ్లలో అది ఉంటే ఈ చుక్క వెయ్యగానే తెల్లగా మబ్బు పట్టాలి."

మొదటి గొట్టంలో చుక్కలు పడ్డాయి. నదిలో ఎప్పుడూ ఉండే పలచని మసక తప్ప ఏమీ లేదు.

రెండో గొట్టంలో వేరే మందు వేసింది. నీళ్లు పాలు విరిగినట్టు విరిగాయి.

"ఇది వంటింటి ఉప్పు," అంది. "మిల్లు కాదు."

ట్రాక్టరు మీద ఉన్నవాడు ఎత్తిన బస్తాని మళ్లీ కింద పెట్టాడు. నమ్మకం కుదిరి కాదు, చెయ్యి లాగి.

అప్పుడు ఆమె కళ్లు కాలువ అవతలికి వెళ్లాయి. బాబాయి పొలం గట్టు పక్కనే ఇంకో చిక్కుడు తోట. అదే నేల, అదే కాలువ, పచ్చగా నవ్వుతోంది.

"అదెవరిది?"

"నాదేనమ్మా," అన్నాడు గుంపులోంచి బాబాయి బామ్మర్ది. "మా బావది చేతి మహిమ. ప్లాస్టిక్ పూలు నాటినా వాడిపోతాయి."

"నోర్ముయ్‌రా, నీ మొహం!"

"బాబాయ్, కాలువ నీళ్లు మీ వంతు ఏ రోజు?"

"శుక్రవారం."

"మీ బామ్మర్దిది?"

"బుధవారం."

సీసాలమ్మ మీటరు పక్కన పెట్టి గుంపు వైపు తిరిగింది. "తోట మాడినవాళ్లందరూ వంతు ఏ రోజో చెప్పండి. గట్టిగా."

"శుక్రవారం." "మంగళవారం." "మాదీ మంగళవారమే." "శుక్రవారం." "మంగళవారం."

సోమవారం అన్న మాట ఒక్క నోటి నుంచీ రాలేదు.

ఆఫీసుకి ఉన్నది ఒకే జీపు. అది నీళ్ల సెక్షన్‌కి దొరికేది, ఇవాళ్టిలా గొడవైతే తప్ప, సోమవారమే. అందుకని పన్నెండు వారాలూ సోమవారమే సీసాలు ముంచింది, సోమవారం నీళ్ల గురించే సంతకం పెట్టింది. నది అబద్ధం ఆడలేదు. ఆమె అడిగిన రోజున మాత్రం బుద్ధిగా కూర్చుంది, అంతే.

"ఇవాళ ఏ వారం?" అంది, తెలిసి కూడా.

"శుక్రవారం," అన్నాడు బాబాయి. ఆయన గొంతులో కోపం కొంచెం తగ్గింది. "ఏం చేస్తావ్?"

"నడుస్తాను. నాలుగింటిదాకా బస్తాలు దించకండి. నేను ఉత్త చేతుల్తో వస్తే జీపు కూడా కాలవలో తోసెయ్యండి."

"గాలి లేని జీపు తొయ్యడం కష్టమమ్మా," అన్నాడు బామ్మర్ది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పొద్దున్నుంచి అక్కడ మొదటి నవ్వు అదే.

* * *

గట్టు వెంబడి ఎగువకి నడిచింది. వంద అడుగులకోసారి వంగి మీటరు ముంచడం, అంకె రాసుకోవడం, మళ్లీ నడవడం. సున్నా పాయింట్ నాలుగు. నాలుగు. నాలుగు. మిల్లు తూము దగ్గర కింద ఒకసారి, పైన ఒకసారి ముంచింది. ఐదు, నాలుగు. మిల్లు మీద ఆమెకి ప్రేమేం లేదు. కానీ చెయ్యని తప్పుకి దాని తూము మూస్తే, చేసినవాడు హాయిగా చేస్తూనే ఉంటాడు.

మిల్లు దాటాక కాలువ వంపు తిరుగుతుంది. అక్కడ పొడవాటి ఇటుక గోడ, గోడ అడుగున ముళ్లపొదలు. పన్నెండు దాటి పది నిమిషాలైంది.

పొదల్లో ఏదో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది.

ఆమె కొమ్మలు పక్కకి తప్పించింది. గోడ కిందనుంచి చేతిలావు గొట్టం ఒకటి బయటికొచ్చి ఉంది. గొట్టం రెండుసార్లు గుటకలు వేసి, బుడగలతో నీళ్లు కక్కడం మొదలెట్టింది. మీటరు ధారలో పెట్టింది. ఒకటి. మూడు. తొమ్మిది. పద్దెనిమిది. తర్వాత మీటరు అంకెలు చూపించడం మానేసి గీతలు చూపించింది. అంతకంటే ఉప్పు దానికి లెక్కపెట్టడం రాదు.

దొరికాడు!

ఆమె లేచి గోడ మీదుగా లోపలికి చూసింది. తాళ్ల మీద తెల్లటి దుప్పట్లు, బారులు బారులుగా. బ్లీచింగ్ వాసన. లోపల ఆడవాళ్ల నవ్వులు. వాటన్నిటి మీదుగా, ఆరేళ్ల వయసు నుంచి తనని నిద్రలేపిన గొంతు.

"ఎత్తండే ఆ రెండో బస్తా! ఉప్పుకి కాళ్లొచ్చి అదే నడుస్తుందనుకున్నారా?"

ఈ గోడని కాలువ వైపు నుంచి సీసాలమ్మ ఎప్పుడూ చూడలేదు.

అది మేనత్త లాండ్రీ.

* * *

"వచ్చావా? కాళ్లు కడుక్కుని రా, అన్నం తిందాం," అంది అత్త, తల తిప్పకుండానే. ఆవిడకి మేనకోడలి అడుగుల చప్పుడు తెలుసు. "ఆ బురదేమిటే? ఆఫీసరంటే ఇలాగేనా ఉండేది? నన్ను చూసి నేర్చుకో. పొద్దున్నుంచి నీళ్లలోనే ఉన్నా చీర మీద చుక్క లేదు."

తల్లి పోయాక సీసాలమ్మ పెరిగింది ఈ గదిలోనే. ఆసుపత్రి దుప్పట్ల మూటల మీద కూర్చుని లెక్కలు చేసింది. సోడాకీ, సున్నం నీళ్లకీ అత్త అరచేతులు పగిలి నెత్తురు కారడం చూస్తూ పెద్దదైంది. ఉద్యోగం వచ్చాక మొదట చేసిన పని ఈ మిషన్ కొనిపించడం. మూల నిలబడ్డ నీలం రంగు ట్యాంకు అదే. నీళ్లలో సున్నాన్ని పట్టేసుకుని మెత్తటి నీళ్లు వదులుతుంది. వారానికి రెండుసార్లు ఉప్పునీళ్లతో కడిగితే పట్టుకున్న సున్నం వదిలేసి మళ్లీ పనికొస్తుంది. మిషన్ వచ్చి మూడు నెలలు. అత్త చేతులు మానాయి. సబ్బు సగానికి తగ్గింది. పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లూ చేతులకి రాసుకునే మందు మానేశారు.

ట్యాంకు పక్క గోడకి ఒక కాగితం. అత్త దాన్ని లామినేషన్ చేయించి మరీ తగిలించింది, మెడల్ తగిలించినట్టు.

*మంగళ, శుక్రవారాలు, మధ్యాహ్నం పన్నెండుకి. రెండు బస్తాల ఉప్పు. కడిగిన నీళ్లు వెనక కాలవలోకి వదిలెయ్యాలి. మర్చిపోవద్దు అత్తా!*

చివరి మాట కింద రెండు గీతలు. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. అవి సీసాలమ్మవి.

"అత్తా, ఈ ఉప్పునీళ్లు ఎక్కడికి పోతాయి?"

"నువ్వే రాశావుగా. వెనక కాలవలోకి."

"ఆ కాలవ ఎక్కడికి పోతుంది?"

"కాలవలు ఎక్కడికి పోతాయే? కిందికి." అత్త ఇప్పుడు తల తిప్పింది. "ఏంటలా ఉన్నావ్? ఎవరేమన్నారు?"

ఊరి మురుగులోకి పోతుందనుకుంది. అనుకుంది, అంతే. నది మొదలు నుంచి చివరి పొలందాకా ప్రతి తూమూ తెలిసిన మనిషి, సొంత ఇంటి వెనక గొట్టం ఎటు తిరిగిందో వంగి చూడలేదు. ఇంటిదే కదా అని చూడలేదు.

అన్నీ చెప్పింది. మాడిన ఆకులు, నూనె సీసా, వంతులు, నాలుగు గంటలకి రాబోయే ఇంజినీరు. అక్కడి పదకొండు మందీ ఒక్కొక్కరే పని ఆపి నిలబడ్డారు. చివరికి అత్త లేచి వెళ్లి, రెండు చేతుల్తో మిషన్ చక్రం తిప్పి నీళ్లు కట్టేసింది.

"నువ్వు సోమవారాలు తెచ్చే చిక్కుడుకాయలు ఆయనవేనా?"

"ఆ."

"ఉప్పు తిన్నవాళ్లు విశ్వాసంగా ఉండాలంటారు. మనం ఆయన కాయలు తిని, ఆయన తోటకే ఉప్పు పెట్టాం." అత్త ఖాళీ ఉప్పు బస్తాని కాలితో పక్కకి నెట్టింది. "సరే. నా పేరు రాసెయ్."

"నీ పేరెందుకు? చెప్పింది నేను."

"ఒసేయ్ పిచ్చిమొద్దూ, విను. నేను చదువుకోనిదాన్ని. తెలీక చేసిందిలే అంటారు, నాలుగు తిట్టి వదిలేస్తారు. నువ్వు నీళ్ల ఆఫీసరువి. తెలీక చేశానంటే నిన్నెవరు నమ్ముతారు? అత్త లాండ్రీ కోసం పన్నెండు వారాలు దొంగ రిపోర్టు రాసిందంటారు."

ఆ మాట నిజం.

"గోడ మీద నా చేతిరాత ఉందత్తా."

"ఏ గోడ మీద?"

సీసాలమ్మ తిరిగి చూసింది. గోడ మీద నాలుగు మేకులు మాత్రం ఉన్నాయి. వెనకాల బ్లీచింగ్ తొట్టి బుసబుసమంటూ పొగలు కక్కుతోంది. అత్త అందులో కర్రతో ఏదో కిందికి నొక్కుతోంది.

"అత్తా!"

"దుప్పటి. బాగా మరకలున్నాయి," అంది అత్త, కళ్లు కలపకుండా. "నువ్వు అన్నం తినేసి వెళ్లు. ఖాళీ కడుపుతో నిజాలు చెప్పకూడదు, కళ్లు తిరుగుతాయి."

* * *

నాలుగింటికి లాకుల మీద కుర్చీ వేశారు. ఇంజినీరు అందులో కూర్చుని ఫైలు తెరిచాడు. ఒక పక్క మిల్లు మేనేజరు, చెమటలు తుడుచుకుంటూ. ఇంకో పక్క రైతులు. జీపు చక్రాల్లో గాలి నిండి ఉంది. బామ్మర్ది చేతిలో సైకిల్ పంపు ఉంది కానీ, దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

"మిల్లేనా?"

"కాదు సార్." సీసాలమ్మ వంతుల సంగతి, రెండు రకాల ఉప్పు సంగతి, గొట్టం సంగతి చెప్పింది. "బట్టలు ఉతికే చోట నీళ్లు మెత్తబరిచే మిషన్ ఉంది. దాన్ని కడిగిన ఉప్పునీళ్లు మంగళ, శుక్రవారాలు కాలువలో కలుస్తున్నాయి. మధ్యాహ్నమే ఆపించాను. ఒక తొట్టి కట్టి ఆ నీళ్లు అందులో పడితే చాలు. కాలువ మూయక్కర్లేదు."

మిల్లు మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. రైతుల్లో గుసగుసలు లేచాయి.

"బాగుంది. ఎవరు చేశారు? రిపోర్టులో పేరు ఉండాలి," అన్నాడు ఇంజినీరు.

ఆమె నోరు తెరిచేలోపు లాండ్రీ వ్యాను దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. దుప్పట్ల మూటల మధ్య నుంచి పదకొండు మంది ఆడవాళ్లు దిగారు. ముందు సీటులోంచి అత్త దిగింది. ఇస్త్రీ చీర, తడి చెప్పులు.

"నేనే సార్," అంది నేరుగా కుర్చీ దగ్గరికొచ్చి. "మిషన్ నాది. ఉప్పు నాది. ఎటు వదలాలో అడక్కుండా వదిలిన తెలివీ నాదే. ఈ పిల్లకేం తెలీదు, ఇవాళే కనిపెట్టింది." తర్వాత రైతుల వైపు తిరిగింది. "మీలో చిక్కుడు బాబాయి ఎవరు?"

బాబాయి ఒక అడుగు ముందుకొచ్చాడు.

"మీ కాయలు చాలా బాగుంటాయన్నయ్యా," అంది అత్త. రెండు చేతులూ జోడించింది.

ఇంజినీరు కలం మూత తీశాడు. "మీ పేరు?"

"ఆగండి సార్."

సీసాలమ్మ సంచిలోంచి ఒక కాగితం తీసింది. అంచులు వేడికి వంకర్లు తిరిగాయి, మీద ప్లాస్టిక్ పాలిపోయి తెల్లబడింది. లోపల అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. అత్త నోరు తెరిచి చూసింది.

"నువ్వు మిషన్లు ఆపడానికి వెళ్లినప్పుడు తొట్టిలోంచి తీశాను. లామినేషన్ చేయించింది నువ్వే అత్తా. బ్లీచింగ్ దాన్నేం చేస్తుంది?"

కాగితం చిక్కుడు బాబాయి చేతికిచ్చింది. "చదవండి బాబాయ్. గట్టిగా."

బాబాయి కళ్లజోడు పెట్టుకున్నాడు. "మంగళ, శుక్రవారాలు, మధ్యాహ్నం పన్నెండుకి," అని మొదలుపెట్టాడు. రెండు బస్తాల దగ్గర గొంతు తగ్గింది. వెనక కాలవ దగ్గర ఇంకా తగ్గింది. చివరి మాట దగ్గర ఆగిపోయాడు. తలెత్తి లాకుల బోర్డు వైపు చూశాడు. దాని మీద కిందటి సోమవారం చీటీ ఇంకా గాలికి ఊగుతోంది. అవే గుండ్రటి అక్షరాలు.

"ఎవరి చేతిరాత?" అన్నాడు ఇంజినీరు.

బాబాయి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. అక్కర్లేనంతసేపు తుడిచాడు.

"చెరిగిపోయింది సార్," అన్నాడు. "ఏమీ తెలీడం లేదు."

"మిషన్ కంపెనీ వాళ్లు రాసుంటారు సార్," అన్నాడు బామ్మర్ది, ఎవరూ అడక్కుండానే.

"అవును, కంపెనీ వాళ్లే!" అంది అత్త.

పొద్దున తన జీపుకి గాలి తీసినవాళ్లు ఇప్పుడు తన కోసం ఇంజినీరు ముందు అబద్ధం ఆడుతున్నారు. సీసాలమ్మకి ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెంటినీ మింగింది. బాబాయి చేతిలోంచి మెల్లగా కాగితం తీసుకుని, ఇంజినీరు ఫైలు మీద పెట్టింది.

"రాసుకోండి సార్," అంది, చివరి వరసలో ఉన్నవాళ్లకి కూడా వినపడేలా. "మూడు నెలలుగా ఎడమ కాలువలో ఉప్పు కలిపించింది సీసాలమ్మ."